రక్షణ ఖర్చులో మన వాటా ఎంత? 1939 మాక్ చర్చకి వాదనలు కావాలి

కోనసీమ లెక్చరర్ (అమలాపురం)

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా డిగ్రీ కాలేజీలో హిస్టరీ, ఎకనామిక్స్ పిల్లల చేత ఒక మాక్ చర్చ చేయిస్తున్నాం. సమయం 1939 నవంబరు. యుద్ధం మొదలై రెండు నెలలు దాటింది. భారతదేశ రక్షణ ఖర్చులో ఢిల్లీ ఎంత పెట్టుకోవాలి, లండన్ ఎంత పెట్టుకోవాలి అన్నది తేల్చాలి. ఒక జట్టు బ్రిటిష్ ట్రెజరీ, ఇంకో జట్టు భారత ప్రభుత్వ ఫైనాన్స్ శాఖ.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఢిల్లీ జట్టుకి పేర్లిచ్చిన వాళ్ళంతా "ఒక్క పైసా ఇవ్వం" అని భీష్మించుకున్నారు. లండన్ జట్టుకి ఒక్కరూ రావడం లేదు. ఇలా అయితే పది నిమిషాల్లో అయిపోతుంది. రెండు పక్షాలకీ నిజమైన బలం ఉన్న వాదనలు కావాలి. తిట్లు వద్దండి, లెక్కలు కావాలి.

పాత కాగితాలు (రాజమండ్రి)

మంచి పని పెట్టుకున్నారు మేడం. అయితే ముందు ఒక సంగతి పిల్లలకి చెప్పండి. ఢిల్లీ వైపు కుర్చీలో కూర్చునేది కాంగ్రెస్ వాళ్ళు కాదు. ఫైనాన్స్ మెంబరు సర్ జెరెమీ రైస్మన్, ఆయనా బ్రిటిష్ అధికారే. వైస్రాయి లిన్‌లిత్‌గో. మనల్ని అడక్కుండా మనల్ని యుద్ధంలోకి దించారని కాంగ్రెస్ మంత్రివర్గాలు అప్పుడే రాజీనామాలు ఇస్తున్నాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరు ఆఖరుకే దిగిపోయింది. కేంద్ర శాసనసభలో రక్షణ ఖర్చు ఓటుకి రాదు. అంటే బల్లకి రెండు వైపులా తెల్లవాళ్ళే, డబ్బు మాత్రం మనది.

ఇలాగని ఢిల్లీ వాళ్ళు లండన్ చెప్పినదానికల్లా తలాడించారని కాదు. బడ్జెట్ లోటు వస్తే ఇక్కడ పన్నులు వేయాల్సింది, ఇక్కడి జనం కోపం భరించాల్సింది వాళ్ళే. 1896లో సూడాన్ రేవు సువాకిన్‌కి మన దళాలను పంపి, వాళ్ళ మామూలు జీతాలు మన ఖజానా మీదే ఉంచినప్పుడు అభ్యంతరం చెప్పింది అప్పటి వైస్రాయి ఎల్గిన్ ప్రభుత్వమే. పార్లమెంటు వినలేదు, అది వేరే సంగతి.

గ్రూప్స్ అభ్యర్థి (తణుకు)

సార్, 1858 భారత ప్రభుత్వ చట్టంలో భారత రెవెన్యూని సరిహద్దు బయట యుద్ధాలకి వాడకూడదని ఉంది కదా? సెక్షన్ 55. మరి సువాకిన్ ఎలా కుదిరింది?

పాత కాగితాలు (రాజమండ్రి)

వాడకూడదని లేదు తమ్ముడూ. పార్లమెంటు ఉభయ సభల అంగీకారం లేకుండా వాడకూడదని ఉంది. దండయాత్రని ఆపడానికి, తిప్పికొట్టడానికి అయితే ఆ అంగీకారం కూడా అక్కర్లేదు. తాళం, తాళంచెవి రెండూ లండన్‌లోనే ఉన్నాయన్నమాట. 1867లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) దండయాత్రప్పుడు తేలిన పద్ధతి ఇది: దళాల మామూలు జీతం ఇండియాది, అదనపు ఖర్చు బ్రిటన్‌ది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ దళాలు ఇక్కడ లేనప్పుడు వాళ్ళకి మనం జీతం ఎందుకివ్వాలి అని అడిగితేనే లోపల ఏముందో బయటపడుతుంది.

ఆ ఏడాదే, తర్వాత ప్రధాని అయిన సాలిస్‌బరీ, ఇండియాని తూర్పు సముద్రాల్లో ఒక ఇంగ్లీషు బ్యారక్‌లాగా, డబ్బివ్వకుండా ఎంతమంది సైనికుల్నైనా తోడుకునే చోటులాగా చూడడం తనకి నచ్చదని అన్నాడు. మీ ఢిల్లీ జట్టుకి మొదటి వాదన ఇదే ఇవ్వండి మేడం. ప్రత్యర్థి మనిషి నోటి మాట కాబట్టి తిప్పికొట్టడం కష్టం.

శివారు రైతు (రాజోలు)

ఆయ్, నాకు చట్టాలు తెలీవు గానీ ఈ వ్యవహారం మాకు కొత్త కాదండి. కాలువ పూడిక ఎప్పుడు తీయాలో పై ఊరి పెద్దాయన చెబుతాడు. కూలీల్ని ఆయనే మాట్లాడతాడు, రేటూ ఆయనే ఖాయం చేస్తాడు. చివర్న ఎకరానికి ఇంత అని శివారు వాళ్ళకి చీటీ వస్తుంది. మేం అడిగేది "తక్కువ చెయ్యండి" అని కాదు. "ముందు మమ్మల్ని పిలవండి" అని.

కాకినాడ కెరటం

రైతు గారు చెప్పింది బాగుంది కానీ లండన్ జట్టుకి కూడా న్యాయం చేద్దాం. వాళ్ళ చేతిలో ఒక పెద్ద ముక్క ఉంది. సముద్రం! మన తీరమంతా కాపలా కాసింది రాయల్ నేవీ. దానికి మనం ఏటా కట్టింది లక్ష పౌండ్లు, అంతే. అది కూడా, మన నౌకాదళం 6 కొత్త ఎస్కార్ట్ ఓడలు నడుపుకునే షరతు మీద, 1938లో మాఫీ చేశారు. ఒక్క యుద్ధనౌక నడపడానికి ఎంతవుతుందో తెలిస్తే లక్ష పౌండ్లు ఏ మూలకని లండన్ జట్టు గట్టిగానే అడగొచ్చు.

రెండోది, వాయవ్య సరిహద్దు. ఖైబర్ దగ్గర దళాలు ఉంచింది లండన్‌ని కాపాడడానికి కాదు కదా అంటారు వాళ్ళు.

భీమవరం బ్యాంకు బాబాయి

అక్కడే ఢిల్లీ జట్టు, సైన్యం ఖర్చు మీద లండన్, ఢిల్లీల తగాదా తేల్చడానికి వేసిన గారన్ ట్రిబ్యునల్‌ని బయటికి తీయాలి. ఆస్ట్రేలియాకి చెందిన సర్ రాబర్ట్ గారన్ అధ్యక్షుడు. ఇద్దరు బ్రిటిష్ న్యాయమూర్తులతో పాటు మన జడ్జీలు షాదీ లాల్, షా సులేమాన్ కూడా అందులో ఉన్నారు. ఇండియాలో ఉన్న సైన్యం సామ్రాజ్యానికంతటికీ సిద్ధంగా ఉండే రిజర్వు, బ్రిటిష్ దళాలకి తర్ఫీదు ఇచ్చే చోటు అనే కారణాల మీద, 1933 నుంచి బ్రిటన్ ఏటా 15 లక్షల పౌండ్లు ఇండియాకి ఇవ్వడం మొదలైంది. రూపాయల్లో 2 కోట్లు. మొత్తం పెద్దదేం కాదు. కానీ "మీ సైన్యం మీ ఒక్కరిదే కాదు" అని లండన్ మొదటిసారి డబ్బు కట్టి ఒప్పుకుంది. బేరంలో అంకె కంటే ఒప్పుకోలు ముఖ్యం.

తర్వాత 1939లో, ఇండియా రక్షణ అవసరాలు చూడడానికి వేసిన చాట్‌ఫీల్డ్ కమిటీ. దాన్ని 20 లక్షల పౌండ్లకి పెంచారు. సైన్యానికి కొత్త పరికరాల కోసం 3.4 కోట్ల పౌండ్ల పైచిలుకు, అందులో ముప్పాతిక ఉచితం, పాతిక అప్పు, ఆ అప్పుకి మొదటి ఐదేళ్ళు వడ్డీ లేదు. యుద్ధం రాకముందే లండన్ ఇంత దిగొచ్చింది. కాబట్టి "ఒక్క పైసా ఇవ్వం" అనే పిల్లలు చేతిలో ఉన్న ఆస్తిని వదిలేసుకుంటున్నారు.

యానాం వాడు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఫ్రెంచి వాళ్ళ కింద ఉన్న ఆ రోజుల్లో మా యానాంలో ఈ గొడవే లేదు. 1814 పారిస్ ఒప్పందం ప్రకారం ఫ్రెంచి వాళ్ళు ఇండియాలో కోటలు కట్టకూడదు, పోలీసు పనికి కావలసినంత మందినే ఉంచుకోవాలి. రక్షణ ఖర్చు సున్నా! హాయి.

ఉన్నమాట చెప్పాలంటే, డెల్టా శిస్తుతో సైన్యాన్ని పోషించే అలవాటు మొదలుపెట్టింది కూడా మా దొరలే. 1753లో ఫ్రెంచి సేనాని బుస్సీ సైనికులకి జీతాలు బాకీ పడితే, నిజాం సలాబత్ జంగ్ రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, శ్రీకాకుళం సర్కారుల శిస్తు ఫ్రెంచి వాళ్ళకి రాసిచ్చాడు. ఔరంగాబాదులో కాపలా కాసే పటాలానికి గోదావరి వరి జీతం అయిపోయింది.

పాత కాగితాలు (రాజమండ్రి)

యానాం గారూ, భలే చోట పట్టుకున్నారు. దానికి కొనసాగింపు కాకినాడ వాళ్ళ పక్కనే ఉంది: చందుర్తి. 1758 డిసెంబరులో ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనంద గజపతి రాజు కలిసి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించిన చోటు. పుస్తకాల్లో యుద్ధం గురించే రాస్తారు. నాకు దాని ముందు జరిగిన బేరం ఇష్టం.

షరతులు ఇవి. కంపెనీ సైన్యం విశాఖపట్నంలో దిగిన దగ్గర్నుంచి రాజు నెలకి 50,000 రూపాయలు సైన్యం ఖర్చుకి, 6,000 అధికారుల భత్యాలకి ఇవ్వాలి. గెలిచిన ప్రాంతం రాజుది, రేవులు మాత్రం కంపెనీవి. యుద్ధం గెలిచారు. డబ్బు రాలేదు. ఖజానా ఖాళీ అయిన ఫోర్డ్ మచిలీపట్నం మీదకి వెళ్ళకుండా గోదావరి దగ్గరే వారాల తరబడి ఆగిపోవాల్సి వచ్చింది. చివరికి విశాఖ నుంచి కంపెనీ అధికారి ఆండ్రూస్ వచ్చి షరతులు మార్చాడు: రాజు ఇచ్చేదంతా ఇక చందా కాదు, అప్పు కింద లెక్క. గోదావరికి అవతల గెలిచిన చోట్ల ఫ్రెంచి వాళ్ళ సొంత భూములు తీసేస్తే మిగతా శిస్తు చెరిసగం. ఆ మాట అయ్యాకే పటాలం కదిలింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది.

రాజు చేసిన పని చూశారా? పోరాటం మధ్యలో, అవతలివాడికి తనతో పనిబడ్డప్పుడు, చందాని అప్పుగా మార్పించాడు. 1939 బల్ల దగ్గర కూర్చున్న ఏ భారతీయుడికీ ఆ అవకాశం లేదు. అసలు ఎవర్నీ కూర్చోబెట్టనే లేదు.

గ్రూప్స్ అభ్యర్థి (తణుకు)

ఇదంతా బాగుంది సార్, ఇంతకీ 1939లో ఏం కుదిరింది? ప్రిలిమ్స్‌లో అడిగే ఛాన్స్ ఉందా?

అడ్మిన్

లెక్చరర్ గారి పిల్లలు ఈ దారం చదివే అవకాశం ఉంది. ఒప్పందం వివరాలు పెట్టొచ్చా మేడం?

కోనసీమ లెక్చరర్ (అమలాపురం)

పెట్టండి. మా పిల్లలు రీల్స్ తప్ప ఇంత పొడుగు దారం చదవరు. చదివితే సంతోషిస్తాను.

భీమవరం బ్యాంకు బాబాయి

సరే, టూకీగా. ఇండియా కట్టాల్సింది నాలుగు. శాంతికాలంలో అయ్యే మామూలు ఖర్చు కింద ఏటా 36.77 కోట్ల రూపాయలు. ధరలు పెరిగితే ఆ పెరిగినంత. కేవలం ఇండియా ప్రయోజనం కోసమే అని తేలిన యుద్ధ చర్యల ఖర్చు. ఇండియా బయటి రక్షణకని విదేశాల్లో ఉంచిన మన దళాల అదనపు ఖర్చు కింద ఒకేసారి 1 కోటి. ఇవి పోను మిగిలినదంతా బ్రిటన్‌ది.

కాగితం మీద చూస్తే ఇంత మంచి ఒప్పందం సామ్రాజ్యంలో ఏ వలసకీ దక్కలేదేమో. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ సంగతి చూడండి. 1890లో సింగపూర్, పెనాంగ్, మలక్కాల వాటాని 50,000 పౌండ్ల నుంచి లక్షకి పెంచారు. గొడవ ముదిరి 1895లో అక్కడి శాసనసభలో అనధికార సభ్యులు రాజీనామా చేశారు. చివరికి రెవెన్యూలో ఇంత శాతం అని తేల్చారు. శాతం అంటే ఏమిటి? వర్తకం పెరిగిన కొద్దీ చందా పెరుగుతుంది, అక్కడి దళాలు పెరిగినా పెరగకపోయినా. మన దగ్గర అలా కాకుండా ఒక స్థిరమైన అంకె పెట్టారు.

కాకినాడ కెరటం

మరి గెలిచినట్టే కదా బాబాయ్?

భీమవరం బ్యాంకు బాబాయి

ఆగు అబ్బాయ్. డబ్బు ఎలా చేతులు మారిందో చూడాలి. నేను బ్యాంకులో చేసినవాణ్ణి, నాకు అసలు కథ ఇక్కడే ఉందనిపిస్తుంది.

బ్రిటన్ తన వాటాని రూపాయల్లో ఇక్కడ కట్టలేదు. లండన్‌లో రిజర్వ్ బ్యాంకు ఖాతాలో పౌండ్లు జమ చేసింది. ఆ స్టెర్లింగ్ (పౌండ్ల) పత్రాలే హామీగా రిజర్వ్ బ్యాంకు ఇక్కడ నోట్లు అచ్చేసి, కాంట్రాక్టర్లకి, సిపాయిలకి, బియ్యం, బట్ట, తోలు అమ్మినవాళ్ళకి ఇచ్చింది. చట్టం ప్రకారం తప్పేం లేదు. కానీ సరుకు ఓడెక్కి పోయింది, పౌండ్లు లండన్‌లో ఇరుక్కున్నాయి, ఇక్కడ మిగిలింది నోట్లు. యుద్ధం మొదట్లో చలామణిలో ఉన్నవి సుమారు 180 కోట్లు. 1945కి 1,100 కోట్లు దాటాయి. కొనడానికి సరుకు లేదు, చేతిలో నోట్లు ఉన్నాయి. ధరలు ఏమవుతాయో ఎకనామిక్స్ పిల్లలకి చెప్పక్కర్లేదు.

శివారు రైతు (రాజోలు)

అంటే మా చీటీ మారువేషంలో వచ్చిందన్నమాట. ధాన్యం ఉన్నవాడికి నాలుగు డబ్బులొచ్చుంటాయి. కూలికెళ్ళేవాడు ఏమయ్యుంటాడు? బియ్యం కొనుక్కునేవాడే కట్టాడు ఆ వాటా.

పాత కాగితాలు (రాజమండ్రి)

దానికి తోడు 1942లో బర్మా పడిపోయి రంగూన్ బియ్యం ఆగిపోయింది. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. సిలోన్ మీద దాడుల తర్వాత బ్రిటిష్ తూర్పు నౌకాదళం ఆఫ్రికా తీరంలో కిలిండిని దాకా వెనక్కి పోయింది. కెరటం గారు చెప్పిన ఆ "సముద్ర కాపలా" సరిగ్గా మీ ఊరికి అవసరమైన రోజున లేదు.

కాకినాడ కెరటం

ఒప్పుకోను సార్. 1939 నవంబరులో కూర్చున్న పిల్లలకి 1942 తెలియకూడదు కదా. ఆ రోజుకి రాయల్ నేవీ ప్రపంచంలో అతిపెద్ద వాటిల్లో ఒకటి. లండన్ జట్టు వాదన ఆ బల్ల మీద చెల్లుతుంది. తర్వాత ఏమైందో తెచ్చి వాళ్ళని ఓడించడం ఆట నియమం కాదు.

కోనసీమ లెక్చరర్ (అమలాపురం)

కెరటం గారి మాటే ఖాయం. 1942 ముచ్చట చర్చ అయ్యాక చెబుతాను. ఒక సందేహం. బ్రిటన్‌కి ఇంత ఖర్చు పడుతుంటే మధ్యలో ఒప్పందం మార్చమని అడగలేదా?

పాత కాగితాలు (రాజమండ్రి)

అడక్కుండా ఉంటారా? ప్రధాని చర్చిల్‌కి, లండన్‌లో మన పేరున పేరుకుంటున్న ఈ బాకీ తలుచుకుంటేనే మంట. బ్రిటన్ ఇండియాని కాపాడుతుంటే తిరిగి ఇండియాకే అప్పు పడడమేమిటని ఆయన వాదన. యుద్ధం తర్వాత ఎదురు క్లెయిము వేసే హక్కు దాచుకోవాలని పట్టుబట్టాడు. 1942లో రైస్మన్ లండన్ వెళ్ళి ఒప్పందాన్ని కాచుకొచ్చాడు. బ్రిటన్‌లో ఇండియా వ్యవహారాల మంత్రి ఎమరీ కూడా చర్చిల్‌కి అడ్డం పడ్డాడు. అతనికి మన మీద ప్రేమ అనుకోనక్కర్లేదు. ఇప్పుడు మాట తప్పితే ఇండియాలో సరుకూ దొరకదు, మనుషులూ దొరకరు అన్నది అతని భయం.

పోల్చడానికి 1917 చూడండి. అప్పుడు ఇండియా నుంచి 10 కోట్ల పౌండ్లు "కానుక" తీసుకున్నారు. దాని భారం మోయడానికి విదేశీ నూలు బట్టల మీద దిగుమతి సుంకం మూడున్నర శాతం నుంచి ఏడున్నరకి పెంచుకోనిచ్చారు. లాంకషైర్ మిల్లుల వాళ్ళు గగ్గోలు పెట్టారు. ఇక్కడి మిల్లులకి మాత్రం లాభం. రక్షణ చందా బేరంలో డబ్బుకి బదులు ఇంకేదో సంపాదించడం అంటే ఇది. మీ ఢిల్లీ జట్టు ఈ దారి వెతుకుతుందేమో చూడండి.

గ్రూప్స్ అభ్యర్థి (తణుకు)

లండన్‌లో ఇరుక్కున్న పౌండ్లు చివరికి వచ్చాయా?

భీమవరం బ్యాంకు బాబాయి

1946కి సుమారు 130 కోట్ల పౌండ్లు. పౌండుకి 13 రూపాయల 5 అణాల 4 పైల (పై అంటే అణాలో పన్నెండో వంతు) లెక్కన 1,733 కోట్లు. యుద్ధానికి ముందు మనం లండన్‌కి బాకీదారులం. ఆ పాత అప్పు చాలావరకు యుద్ధంలోనే తీరిపోయి, మనమే అప్పిచ్చినవాళ్ళం అయ్యాం. 1944లో బ్రెటన్ వుడ్స్ అంతర్జాతీయ ఆర్థిక సమావేశంలో మనవాళ్ళు ఈ బాకీ సంగతి ఎత్తితే, అది మా ఇద్దరి మధ్య విషయం అని బ్రిటన్ తప్పించుకుంది. ఎదురు క్లెయిము మాత్రం వేయలేదు, అది చెప్పుకోవాలి.

1948 జులైలో మన ఆర్థిక మంత్రి షణ్ముఖం చెట్టి వెళ్ళి కుదుర్చుకున్న ఒప్పందం ఇంకో ముచ్చట. బ్రిటిష్ సైన్యం ఇక్కడ వదిలివెళ్ళిన సామగ్రికి, కట్టడాలకి 10 కోట్ల పౌండ్లు ఆ బాకీలోంచే కోసుకున్నారు. ఇక్కడ పనిచేసి వెళ్ళిన దొరల పింఛన్ల కోసం ఇంకో 16.8 కోట్ల పౌండ్లు. మన గడ్డ మీద తుప్పు పడుతున్న లారీలని మన బాకీ సొమ్ముతో మనమే కొన్నామన్నమాట. ఆ తర్వాతి ఏడాది సెప్టెంబరులో పౌండు విలువ తగ్గించారు. మిగిలిన బాకీతో అమెరికా సరుకు కొనాలంటే మూడింట ఒక వంతు దాకా ఎగిరిపోయింది.

యానాం వాడు

బాబాయి గారూ, లారీలు తుప్పు పట్టాయని మీరెక్కడ చూశారు?

భీమవరం బ్యాంకు బాబాయి

గోదావరి గాలికి ఇనుము ఏమవుతుందో యానాంలో ఉండి నన్నడుగుతున్నావా!

కోనసీమ లెక్చరర్ (అమలాపురం)

అందరికీ ధన్యవాదాలు. నిర్ణయం చెబుతున్నాను. లండన్ జట్టుకి నౌకాదళం, వాయవ్య సరిహద్దు, చాట్‌ఫీల్డ్ కింద ఇచ్చిన ఉచిత సాయం. ఢిల్లీ జట్టుకి సాలిస్‌బరీ మాట, గారన్ తీర్పు, 1917 సుంకం. రెండు జట్లలోనూ "నేను భారతీయుణ్ణి కాబట్టి" అనే వాదన నిషేధం. అసెంబ్లీ సభ్యులుగా నలుగుర్ని గ్యాలరీలో కూర్చోబెడతాను. వాళ్ళు అరవొచ్చు, ఓటు వేయకూడదు.

ఈ దెబ్బకి లండన్ జట్టుకి ముగ్గురు దొరికారు. అందులో ఒకమ్మాయి ఇప్పటికే నౌకాదళం బిల్లు ఎంత వేయాలో లెక్క కడుతోంది.

శివారు రైతు (రాజోలు)

గ్యాలరీలో ఒక కుర్చీ కూలివాళ్ళకి కూడా వెయ్యండి మేడం. అసెంబ్లీలో ఉన్నది జమీందార్లూ ప్లీడర్లే కదా. అప్పట్లో పేదోడికి ఓటే లేదు.

కోనసీమ లెక్చరర్ (అమలాపురం)

వేస్తానండి. పాత కాగితాలు గారూ, ఆఖరి ప్రశ్న. ఢిల్లీ జట్టు సంతకం పెట్టే ముందు ఏ ఒక్క షరతు దగ్గర ఆగాలి?

పాత కాగితాలు (రాజమండ్రి)

రెండోది. "ధరలు పెరిగితే ఆ పెరిగినంత" అన్నది. ధరలు పెంచేది ఎవరు, ఎందుకు పెరుగుతాయి అని అందులో లేదు. బ్రిటన్ కొనుగోళ్ళ వల్లే ధరలు పెరిగినా, ఆ పెరుగుదల మన 36.77 కోట్ల మీదకే వచ్చి చేరుతుంది. మూడోది కూడా చూడమనండి. "ఇండియా ప్రయోజనం కోసమే" అని ఏ ఖర్చుకి ముద్ర వేయాలో తేల్చేది ఎవరు? జపాన్ దగ్గరికొచ్చిన కొద్దీ ఆ పద్దు ఉబ్బుతూ పోయింది. 1939-40లో 50 కోట్ల లోపున్న మన రక్షణ ఖర్చు, 1944-45కి పెట్టుబడి ఖర్చుతో కలిపి 400 కోట్లు దాటింది. స్థిరమైన అంకె అన్నాం కదా, అది స్థిరంగా ఉన్నది మొదటి వాక్యంలోనే. పిల్లల్లో ఎవరైనా ఈ రెండు క్లాజుల దగ్గర చెయ్యెత్తితే నాకు కబురు చెయ్యండి మేడం, వచ్చి చూస్తాను.